సొరకు కరెంటు కంచె

ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికా వంటి దేశాల్లో కయాక్ అనే చిన్న పడవ మీద సముద్రంలోకి వెళ్ళి గాలంతో చేపలు పట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక మనిషి, ఒక తెడ్డు, ఒక గాలం. కూర్చున్న చోటు నుంచి చెయ్యి చాపితే నీళ్ళు తగులుతాయి. ఉప్పాడ, విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో తెప్పను చూసినవారికి ఇదేమీ వింత కాదు. తేడా ఒక్కటే. వాళ్ళు సెలవు రోజున సరదాకు వెళ్తారు. మనవాళ్ళు పూట గడవడానికి వెళ్తారు.

గాలానికి పడ్డ చేప గిలగిలా కొట్టుకుంటుంది, రక్తం కారుతుంది. ఆ అలికిడికీ వాసనకూ సొర వస్తుంది. చేపను సగానికి కొరుక్కుపోతుంది. అరుదుగా పడవనే ఢీకొడుతుంది. అందుకని కొందరు కయాక్ నుంచి నీళ్ళలోకి ఒక పరికరాన్ని వేలాడదీసుకుంటున్నారు. అది నీటిలో కరెంటు పుట్టించి సొరను దూరంగా ఉంచుతుంది. ముళ్ళు లేవు, వల లేదు, మందు లేదు. అదొక కనిపించని కంచె.

ఇది నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే ఎలా? మన తీరానికి దీనితో ఏం పని? మన హాస్టల్లో మాతోపాటు ఒకే గదిలో చాపలు పరుచుకుని చదివినవారిలో సముద్రం మీద బతికే ఇళ్ళ పిల్లలు ఉన్నారు. అందుకే ఈ సంచికకు ఈ విషయం ఎంచుకున్నాం. పదో తరగతి తమ్ముళ్ళకు కూడా అర్థమయ్యేలా రాసే ప్రయత్నం చేశాం.

సొరకు ఒక జ్ఞానేంద్రియం ఎక్కువ

మనకు ఐదు జ్ఞానేంద్రియాలని చిన్నప్పుడు చదువుకున్నాం. సొరకు వీటితోపాటు కరెంటును పసిగట్టే శక్తి కూడా ఉంది. సొర ముట్టె చుట్టూ సన్నని రంధ్రాలు ఉంటాయి. ఒక్కో రంధ్రం నుంచి జిగురు పదార్థంతో నిండిన గొట్టం లోపలికి పోయి చిన్న బుడ్డీలా ముగుస్తుంది. ఇటలీకి చెందిన స్టెఫానో లోరెంజినీ 1678లో వీటిని వర్ణించాడు. అందుకే వీటికి లోరెంజినీ బుడ్డీలు అని పేరు. అవి ఎందుకున్నాయో తేలడానికి మాత్రం దాదాపు 300 ఏళ్ళు పట్టింది.

1971లో కాల్మిన్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం వివరాలు ప్రచురించాడు. ఒక బల్లపరుపు చేపను ఇసుకలో దాచాడు. వాసన బయటకు రాకుండా, కరెంటు మాత్రం బయటకు వచ్చేలా దానిని కప్పాడు. అయినా సొర సూటిగా వచ్చి ఇసుక తవ్వింది. తర్వాత చేపను తీసేసి, ఆ చోట సన్నని కరెంటు వచ్చే ఎలక్ట్రోడ్లను పాతిపెట్టాడు. సొర వాటినే చేప అనుకుని కొరికింది! బతికున్న ప్రతి జీవి గుండె కొట్టుకున్నా, కండరం కదిలినా అతి సన్నని కరెంటు పుడుతుంది. సొర వెతికేది దాన్నే.

అది ఎంత సన్నని కరెంటు? ఒక సెంటీమీటరు దూరంలో 5 నానోవోల్టుల తేడా ఉన్నా సొర పట్టగలదని లెక్క. నానో అంటే వంద కోట్లలో ఒక వంతు. మన టార్చిలైటు బ్యాటరీ 1.5 వోల్టులు. దాన్ని 5 నానోవోల్టులతో భాగిస్తే 30 కోట్ల సెంటీమీటర్లు, అంటే 3,000 కిలోమీటర్లు వస్తుంది. బ్యాటరీ ఒక కొసను కాశ్మీరులోనూ రెండో కొసను కన్యాకుమారి దగ్గరా నీటిలో ముంచితే, మధ్యలో ఉండే తేడా ఇంచుమించు అంత. తమ్ముళ్ళు ఈ లెక్కను కాగితం మీద వేసి చూడండి.

కరెంటు పుట్టించే చేప మన తీరంలోనే ఉంది. అదే తిమిరి చేప. వలలో నుంచి చేత్తో తీయబోతే ఝల్లుమనిపిస్తుంది. విశాఖపట్నం తీరంలో చేపలను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1803లో 200 చేపల బొమ్మలతో ఒక గ్రంథం అచ్చువేయించాడు. పాల సొర, తిమిరి వంటి మన పేర్లు అందులో ఉన్నాయి. ఒక సొర జాతికి ఈనాటి శాస్త్రీయ నామం కార్కారైనస్ సొర్రా. మన జాలరుల నోటి మాట ప్రపంచ శాస్త్రంలో అలా నిలిచిపోయింది.

పరికరం చేసే పని

అంత సున్నితమైన ఇంద్రియం మీద ఒక్కసారిగా పెద్ద కరెంటు పడితే ఏమవుతుంది? అంతర్వేది తీర్థంలో సౌండు బాక్సు పక్కన నిలబడితే మనం చెవులు మూసుకుని దూరంగా జరుగుతాం కదా! సొర కూడా అంతే. దాని ముట్టె దగ్గర కండరాలు అదిరి, అది వెనక్కి తిరుగుతుంది. దానికి శాశ్వతమైన గాయమేమీ కాదు.

దక్షిణాఫ్రికాలోని నాటాల్ షార్క్స్ బోర్డు 1990లలో ఈ సూత్రంతో ఒక పరికరాన్ని తయారుచేసింది. తర్వాత ఒక ఆస్ట్రేలియా కంపెనీ దాన్ని షార్క్ షీల్డ్ పేరుతో అమ్మింది. అందులో ఉండేవి ఒక బ్యాటరీ, నీటిలో వేలాడే సుమారు 2 మీటర్ల తోక, ఆ తోక మీద దూరదూరంగా రెండు ఎలక్ట్రోడ్లు. వాటి మధ్య కరెంటు ఆగకుండా పారదు. సెకనుకు ఒకటి రెండు సార్లు కొట్టినట్టు వచ్చి పోతుంది. కొరమీను, పులస, కనగర్త వంటి చేపలకు లోరెంజినీ బుడ్డీలు లేవు కాబట్టి వాటికి ఇంత బెదురు ఉండదు. గాలానికి పడవలసిన చేపలు పడుతూనే ఉంటాయి. అయితే జెల్ల, వాలుగ జాతులకు కొంత కరెంటు జ్ఞానం ఉంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, దూరం. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టే విద్యుత్ క్షేత్రం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది. తోక పొడవును దాటి బాగా దూరం వెళ్ళాక, దూరం రెట్టింపయితే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే కంచె పడవ చుట్టూనే ఉంటుంది. ఇరవై మీటర్ల అవతల గాలానికి కొట్టుకుంటున్న చేపకు ఆ కంచె లేనట్టే.

రెండు, ఉప్పు. సముద్రపు నీరు మంచినీటికన్నా దాదాపు వందరెట్లు తేలికగా కరెంటును పోనిస్తుంది. సముద్రం కోసం చేసిన పరికరం మన కొత్తపేట దగ్గర గోదావరిలో వేస్తే సరిగా పనిచేయదు. పాయలు సముద్రంలో కలిసే చోట పోటుకు ఉప్పునీరు, వరదకు ఎర్రనీరు. అక్కడ దాని పనితీరు పూటపూటకూ మారుతుంది. బుల్ షార్క్ అనే జాతి అలాంటి చోట్లకే, నదుల్లోకి సైతం వస్తుంది. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో ఒక మనిషిని సొర తీవ్రంగా గాయపరిచింది కూడా వైతరణ నది పోటునీటిలోనే.

అమ్మేవారి మాట, కొలిచినవారి మాట

ఇలాంటి వస్తువుల ప్రకటనలు చదివితే ఇక భయమే లేదనిపిస్తుంది. శాస్త్రజ్ఞులు మాత్రం కొలిచి చూశారు.

2016లో వెలువడిన ఒక పరిశోధనలో దక్షిణాఫ్రికా తీరాన తెల్ల సొరల ముందు ఎర పెట్టి షార్క్ షీల్డ్‌ను పరీక్షించారు. మొదటిసారి వచ్చిన సొరలు సగటున 3 మీటర్ల దూరంలోనే ఆగిపోయాయి. మళ్ళీ మళ్ళీ వచ్చిన సొర ఒక్కోసారికి సగటున 12 సెంటీమీటర్లు దగ్గరకు జరిగింది. అంటే అలవాటు పడుతోందన్నమాట. మొత్తం మీద పరికరం ఆపిన దూరం సగటున 1.3 మీటర్లని తేల్చారు.

2018లో దక్షిణ ఆస్ట్రేలియాలో అయిదు రకాల వస్తువులను పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. పరికరం లేనప్పుడు తెల్ల సొరలు 96 శాతం సార్లు ఎరను తినేశాయి. ఒక కరెంటు పరికరం పెట్టినప్పుడు అది 40 శాతానికి తగ్గింది. మిగతా నాలుగింటి ప్రభావం లేనట్టే, లేదా చాలా తక్కువ. వాటిలో అయస్కాంతపు పట్టీలు, వాసన మైనం మాత్రమే కాదు, ఇంకో కరెంటు పరికరం కూడా ఉంది! కరెంటు అని పేరుంటే చాలదు. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం, కరెంటు బలం సరిపోవాలి.

కాబట్టి మంచి పరికరం ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. 40 శాతం చిన్న అంకె కాదు. అయినా ఏమీ లేకపోవడం కన్నా ఇది మేలనే, పడమటి ఆస్ట్రేలియా ప్రభుత్వం 2017లో ఇలాంటి పరికరం కొనేవారికి 200 డాలర్ల రాయితీ ఇచ్చింది.

మన తీరానికి ఏది అవసరం?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇలాంటి పరికరం ధర మన లెక్కలో 30 వేల రూపాయలు దాటుతుంది. తెప్ప మీద వెళ్ళే మనిషి అంత పెట్టి దాన్ని కొనాలా?

మా అభిప్రాయం అవసరం లేదనే. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి మనుషులను తమంతట తాముగా సొరలు కరిచిన సంఘటనలు వందలోపే నమోదవుతున్నాయి. చనిపోయేవారు సుమారు పదిలోపు. అదే మన కోనసీమలో 1996 నవంబరు 6 రాత్రి ఒక్క తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసుకుంది. వేటకు వెళ్ళి తిరిగిరాని జాలరులు ఎందరో. మన సముద్రంలో మనిషిని మింగేది సొర కాదు, గాలి. ఆ 30 వేలు ఉంటే ముందు కొనవలసినవి లైఫ్ జాకెట్టు, జీపీఎస్, పనిచేసే సెల్లు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి వేగం, చేపలు దొరికే చోటు ముందుగా చెబుతోంది. ఆ సమాచారం ప్రతి తెప్పకూ చేరడం అన్నిటికన్నా ముఖ్యం.

మరి ఈ కరెంటు కంచె మనకు ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది, కాకపోతే తిరగేసి చూడాలి.

2021 వేసవిలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఒక ప్రయోగం చేశారు. పొడుగాటి తాడుకు వందల గాలాలు కట్టి ట్యూనా పట్టే పడవలవి. ప్రతి గాలం పక్కన వేలెడంత బ్యాటరీ పరికరాన్ని తగిలించారు. దాని పేరు షార్క్‌గార్డ్. గాలానికి పడే నీలి సొరలు 91 శాతం, టేకు చేపలు 71 శాతం తగ్గాయని 2022లో ప్రకటించారు. పాత సూత్రమే, పాత బుడ్డీలే. కయాక్ మీద అది సొర నుంచి మనిషిని కాపాడుతుంది. గాలం దగ్గర మనిషి నుంచి సొరను కాపాడుతుంది.

సొరను ఎందుకు కాపాడాలి అని ఎవరైనా అడగవచ్చు. 1970 నుంచి 2018 లోపల నడి సముద్రపు సొరలు, టేకు జాతులు 71 శాతం తగ్గిపోయాయని 2021లో ఒక ప్రపంచ స్థాయి పరిశోధన తేల్చింది. సొర చేపలా లక్షల గుడ్లు పెట్టదు. చాలా జాతులు ఏళ్ళ తరబడి పెరిగి, కొద్ది పిల్లల్నే కంటాయి. అందుకే పోయినవి తొందరగా తిరిగిరావు. మన ప్రభుత్వం 2001లో తిమింగల సొరకూ, మరికొన్ని సొర, టేకు జాతులకూ వన్యప్రాణి చట్టం కింద పులికిచ్చినంత రక్షణ ఇచ్చింది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో చిక్కుకున్న తిమింగల సొరను అటవీశాఖ వారు, జాలరులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. ఇది మన తీరానికి గర్వకారణం.

అయితే ఒక మాట కప్పిపుచ్చకుండా చెప్పాలి. ఫ్రాన్సు పడవకు నీలి సొర దండగ. మన ఇళ్ళకు సొర దండగ కాదు. బాలింతకు పాల సొర కూర పెడతారు. సొర పిట్టు ఉన్న రోజున ఇంట్లో అందరూ కడుపునిండా తింటారు. వేలంలో సొరకు వచ్చిన డబ్బుతో పిల్లవాడికి పుస్తకాలు కొన్న తండ్రులున్నారు. ఆ తండ్రి దగ్గరకు వెళ్ళి "సొరను పట్టకు, ఇదిగో పరికరం" అంటే ఆయన "మరి నా రోజు కూలి ఎవరిస్తారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా చేసే ఏ సంరక్షణా తీరంలో నిలబడదని మా నమ్మకం. చట్టం నిషేధించిన జాతులు గాలానికి పడకుండా, అమ్ముకోదగిన చేపలు తగ్గకుండా చూపించగలిగితే, పరికరం ఖర్చు ప్రభుత్వం భరిస్తే, అప్పుడు ఆయనే తగిలించుకుంటాడు. మన తీరంలో, మన గాలాలతో ఆ లెక్క ఎవరో ఒకరు వేయాలి.

తమ్ముళ్ళూ, ఆ ఎవరో మీరెందుకు కాకూడదు? దీనికి భౌతికశాస్త్రం కావాలి, జీవశాస్త్రం కావాలి, బోటు మీద కళ్ళు తిరగకుండా నిలబడటం కూడా కావాలి. మూడోది పట్నం కాలేజీల్లో నేర్పరు. అది మీలో చాలామందికి పుట్టుకతోనే వచ్చింది. మా ఇళ్ళల్లో డిగ్రీ కాగితం మొదట చూసింది మేమే. ఇంటర్లో బైపీసీ తీసుకుంటామంటే "అది మనకెందుకురా" అన్నవారున్నారు. మత్స్యశాస్త్రంలో డిగ్రీ ఉందని, దానికీ స్కాలర్‌షిప్పు వస్తుందని చెప్పేవారు అప్పుడు మాకు దొరకలేదు. అందుకే మీకు ఇప్పుడు చెబుతున్నాం. ఆ చదువులకు దరఖాస్తు చేయాలనుకునేవారికి ఫారాలు నింపడంలో సాయం చేయడానికి పూర్వ విద్యార్థులం సిద్ధంగా ఉన్నాం. వార్షికోత్సవం రోజున వచ్చి మమ్మల్ని అడగండి.