పొనికి కర్రకు కేంద్రం కాపలా ఎంతవరకు?

కొండపల్లి: బొమ్మకు ప్రాణం తెల్లపొనికి కర్ర. దానికి ఆధారం ఖిల్లా చుట్టూ ఉన్న రిజర్వు అడవి. నిత్యం కావలి కాసేది రాష్ట్ర అటవీశాఖే అయినా, భూమి మళ్లింపుపై తుదిమాట కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే రిజర్వు అడవిని క్వారీకి ఇవ్వరాదు. 2023లో చట్టం పేరు మారినా ఈ నిబంధన నిలిచింది.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 1981లో ఏర్పడింది. సాధారణంగా రెండేళ్లకోసారి ఉపగ్రహ చిత్రాలతో అటవీ విస్తీర్ణాన్ని లెక్కగడుతుంది. చిక్కంతా ఇక్కడే. ఆ విస్తీర్ణపు లెక్కకు చెట్టు జాతితో నిమిత్తం లేదు. పొనికి నరికిన చోట తుమ్మ దట్టంగా పెరిగినా అది పచ్చదనమే. బొమ్మల కాలనీ కళాకారునికి మాత్రం కర్ర కరవే. పొనికి మొక్కలు పెంచి, నాటి, కాపాడవలసింది రాష్ట్ర శాఖే. నాటిన మొక్క ఉలికి అందేసరికి ఏళ్లు పడుతుంది.