హస్కీకి మన ఎండ ఎందుకు పడదు?

నీలికళ్ల హస్కీ కుక్కను చూస్తే ఎవరికైనా పెంచుకోవాలనిపిస్తుంది. కానీ అది ఈశాన్య సైబీరియాలో, చుక్చీ ప్రజల దగ్గర మంచు మీద బండ్లు లాగుతూ పెరిగిన జాతి. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. పైది పొడుగ్గా, లోపలిది దూదిలా ఒత్తుగా ఉంటుంది. మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు దాని అవస్థ ఊహించండి!

మనలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లకు మాత్రం కాస్త పడుతుంది. నాలుక చాచి రొప్పుతుంది కదా, అప్పుడు నోట్లోని తడి ఆవిరవుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. ముక్కు నొక్కేసినట్టుండే పగ్‌కు గాలి వెళ్లే దారే ఇరుకు. అందుకే ఉక్కపోతలో అదీ త్వరగా డస్సిపోతుంది.

ఎండొక్కటే కాదు. గొర్రెల్ని కాయడానికి పెంచిన బోర్డర్ కోలీని రోజంతా ఫ్లాట్‌లో ఉంచితే విసుగెత్తి చెప్పులన్నీ కొరికేస్తుంది. తప్పు దానిది కాదు.

నన్నడిగితే మన వీధికుక్క పిల్లే మేలు. పొట్టి బొచ్చు, పొడుగు మూతి, ఈ ఎండకు తరతరాలుగా అలవాటుపడిన ఒళ్లు. తెచ్చుకునే ముందు ఇంట్లో అందరినీ అడగండి: రోజూ పొద్దున్నే దాన్ని తిప్పేదెవరు? టీకాలు వేయించేదెవరు?