వెనుక బల్లమీది బిడ్డ

ప్రతి తరగతిలోను వెనుకబల్ల యొకటి యుండును. పాఠము రానివారును, పిలిచినను పలుకనివారును క్రమముగా అచ్చటికే చేరుదురు. “మందమతి” యని యొక్క మాట యని మనము పాఠమును ముందునకు సాగింతుము. ఆ మాట విచారణ లేకుండ వ్రాసిన తీర్పు వంటిది. అట్టి తీర్పునకు ముందు చూడదగిన కారణము లెవ్వియో, చేయదగిన సాయ మెట్టిదో, విద్యార్థులకును తలిదండ్రులకును తెలుపుట మా యుద్దేశము.

మన సీమలో బడి విడిచిన బిడ్డకు పని దొరకుట కష్టము కాదు. పొలమున కూలియో, పశువుల కాపో, తల్లి ప్రక్కన బీడీల చాటయో యెప్పుడును సిద్ధముగ నుండును. తరగతిలో అవమానమే యెరిగిన బిడ్డకు అచ్చట మెప్పు లభించును. ఇక బడికి తిరిగి రాదు. బోధను శక్కర్‌నగరములో ఎన్నో కుటుంబములను పోషించిన చక్కెర కర్మాగారము 2015వ సంవత్సరాంతమున మూతపడెను. చదువులేని చేతులకు దారులు నానాటికి తగ్గుచున్నవి. కావున వెనుకబల్లను గూర్చిన విచారము ఒక కుటుంబపు భవిష్యత్తును గూర్చిన విచారమే యగును.

మొదట కన్ను చూడవలెను. నల్లబల్లమీది వ్రాత కానరాని బిడ్డ ఆ మాట చెప్పదు; అందరికిని అట్లే కనబడునని తలచును. పుస్తకమును ముక్కునకు చేర్చుట, కన్నులు చిట్లించుట, ప్రక్కవాని పలకను చూచి వ్రాయుట దీని గురుతులు. పెక్కుమందికి కంటియద్దములే చాలును. తరువాత చెవి. చెవిలో చీము కారెడు బిడ్డకు ఒకనాడు వినబడును, మరునాడు వినబడదు. మనము దానిని పొగరని భ్రమపడుదుము. అట్టి బిడ్డను ముందు కూర్చుండబెట్టి, మన పెదవులు కనబడునట్లు మాటలాడవలెను. వైద్యునికి చూపుటయు మానరాదు.

మూడవది భాష. నిజామాబాదు, బోధను బడులలో ఇంట ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాటలాడు పిల్లలు గలరు. తెలుగు పాఠము వెంటనే తెలియకపోవుట వైకల్యము కానేరదు. ఇంటిభాషలో కథను చక్కగా చెప్పగలిగినచో, కొరత తెలుగు పరిచయమునందే యున్నదని తలంపవచ్చును. ఇంటిభాషలోను మాట తడబడుచున్నయెడల వేరు కారణమును వెదకవలెను.

నాల్గవది చదువుటలోని చిక్కు. కొందరు నోటిలెక్కలలో చురుకైనవారు, కథలు చెప్పుటలో నేర్పరులు; పుస్తకము చేతికిచ్చిన వెంటనే నిలిచిపోవుదురు. మ-య, థ-ధ, ఘ-ఝ ల భేదము వారికి నిలువదు. గుణింతపు గురుతులును ఒత్తులును జారిపోవును. దీనికి డిస్లెక్సియా యని పేరు. ఇది తెలివితక్కువ కాదు. అక్షరమును ధ్వనితో ముడివేయుటలో కలుగు ప్రయాస. ఇట్టి బిడ్డచే తప్పును పదిమారులు వ్రాయించుటవలన ఫలము లేదు. ఇసుకలో వ్రేలితో వ్రాయించుచు ఆ ధ్వనిని పలికించుట, పూటకొక ఒత్తు చొప్పున నేర్పుట, ప్రశ్నను చదివి వినిపించి సమాధానమును నోట చెప్పించుట మేలు.

మనోవికాసము నెమ్మదిగా సాగు బిడ్డలకు ప్రతి పనిని చిన్న మెట్లుగా విభజింపవలెను. చొక్కా గుండీ పెట్టుకొనుట, నాణెములు లెక్కించుట, తన పేరు వ్రాయుట — ఇవి వారి పాఠ్యక్రమములోనివే. ఆటిజము గల బిడ్డకు గోలయు, ఆకస్మికమైన మార్పును దుర్భరములు. దినచర్యను బొమ్మలుగా గోడకు తగిలించి, తరువాత జరుగబోవునది ముందుగా చూపినచో మనస్సు కుదుటపడును.

ఈ మార్గము క్రొత్తది కాదు. ఇటలీ దేశపు వైద్యురాలగు మరియా మాంటిస్సోరి తొలుత మనోవికాసము మందగించిన పిల్లలకు బోధించెను. ఆ యనుభవము నాధారముగా గొని 1907లో రోమునగరమున సామాన్య శిశువులకు బడి తెరచెను. చేతితో తడవి, తాకి నేర్చుకొను పద్ధతి అట్లు లోకమున వ్యాపించినది. 1939లో ఆమె మదరాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. వెనుకబల్లకై చేసిన యత్నము తరగతి కంతటికిని మేలు చేయునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున 1887లో అమృతసరమునందు మిషనరీలు అంధులకు పాఠశాల స్థాపించిరి. నాడు వేరుబడియే గొప్ప మేలు. నేడు తోటిపిల్లలతో కలిసి చదువుటయు హక్కయినది. 1995 నాటి చట్టము 7 వైకల్యములను గుర్తింపగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును, అభ్యసన వైకల్యమును చేర్చి 21 వైకల్యములను గుర్తించెను. 40 శాతమునకు తక్కువకాని వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు, సమీపపు బడిలో గాని, కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని, ఉచితవిద్య పొందు హక్కు గలదు. మన రాష్ట్రమున భవిత కేంద్రములు ఇట్టి బిడ్డలకై యేర్పడినవి. కదలలేనివారి యింటికి ఉపాధ్యాయులే పోవుదురు.

తల్లులకు ఒక మాట. బడియీడు వచ్చువరకు వేచియుండకుడు. ఏడాది నిండినను పేరు పిలిచిన తిరిగి చూడకున్నను, 18 నెలలకు నడువకున్నను, 2 ఏండ్లకు రెండు మాటలు కూర్చి పలుకకున్నను వైద్యునికి చూపుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుమారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమారు వచ్చి పరీక్షింపవలెనని నియమము. ఆ దినమున బిడ్డను ఇంట దాచకుడు. లోపమును దాచుటవలన పరువు నిలువదు. కాలము మాత్రము జారిపోవును.

విద్యార్థులారా, తోటివానికి మీరు పెట్టిన వెక్కిరింపు పేరు ఉపాధ్యాయుని బెత్తముకన్న లోతుగా నాటును. వ్రాయలేని మిత్రునికి పాఠము చదివి వినిపింపుడు; నడువలేనివాని సంచి మోయుడు; ఆటలో లెక్క చెప్పు పనియైన నిచ్చి కలుపుకొనుడు. ఉపాధ్యాయులమైన మాకును కర్తవ్యము కలదు. ఒక బిడ్డకు చదువు రాదని చెప్పుటకు ముందు, దాని కన్ను, చెవి, ఇంటిభాష, మన బోధనాపద్ధతి — ఈ నాలుగింటిని విచారించితిమా యని మమ్ము మేము ప్రశ్నించుకొందము గాక.