బ్యాటరీకి ఒక నీరడి

కేసముద్రం మార్కెట్‌కు మక్కలు, మిర్చి తోలే రైతుకు చెరువు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మత్తడి లేకపోతే ఎంత గట్టి కట్టకైనా గండి పడుతుంది. తూము మూయకపోతే ఎండాకాలానికి అడుగు తేలుతుంది. రెండూ కనిపెట్టుకుని ఉండేవాడు నీరడి. సౌర విద్యుత్తులో బ్యాటరీ చెరువైతే, దాని నీరడి చార్జ్ కంట్రోలర్ అనే చిన్న డబ్బా.

చెరువే ముందు పుట్టింది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసపు పలకలను గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకోగల బ్యాటరీ చేశాడు. దాన్ని ఎండతో నింపే వాగు రావడానికి మరో 95 ఏళ్లు పట్టింది. 1954లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ చేసిన సిలికాన్ సౌరఘటం ఎండలో సుమారు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. మరుసటి ఏడాదే జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ దగ్గర పల్లె టెలిఫోన్ లైనును ఎండతో నడిపి చూశారు. రాత్రికి కావలసిన కరెంటును బ్యాటరీలోనే దాచారు.

వాగూ చెరువూ కలిశాక కాపలా తప్పనిసరైంది. 12 వోల్టుల బ్యాటరీకి పెట్టే ప్యానెల్, ఏమీ తగిలించనప్పుడు ఎండలో 21 వోల్టుల దాకా చూపిస్తుంది. నిండిన బ్యాటరీలోకి ఇంకా పోస్తుంటే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి తగ్గిపోతుంది, పలకలు పాడవుతాయి. పూర్తిగా తోడేసి వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడి, చార్జింగ్ పెట్టినా కరగదు.

పాతరకం కంట్రోలర్ బ్యాటరీ నిండగానే ప్యానెల్‌ను విడదీసి, తగ్గాక మళ్లీ కలిపేది. పీడబ్ల్యూఎం రకం సెకనుకు ఎన్నోసార్లు స్విచ్ వేసి తీస్తూ ధారను సన్నం చేస్తుంది. 14.4 వోల్టుల దగ్గర నింపి, తర్వాత 13.6 దగ్గర నిలబెడుతుంది. 11 వోల్టులకు పడిపోతే దీపాలు ఆపేస్తుంది. రాత్రి బ్యాటరీ కరెంటు ప్యానెల్‌లోకి వెనక్కి పోకుండా అడ్డుకుంటుంది.

ఇందులో కొంత నష్టం ఉంది. 18 వోల్టుల దగ్గర 100 వాట్లు ఇవ్వగల ప్యానెల్‌ను 12.5 వోల్టుల బ్యాటరీకి కట్టేస్తే చేతికందేది సుమారు 69 వాట్లే. ఎంపీపీటీ రకం ఆ ఎక్కువ వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి, పోయేదాంట్లో చాలా భాగం రాబడుతుంది.

మన ఎండలకు మరో జాగ్రత్త కావాలి. 14.4 అనే హద్దు 25 డిగ్రీల వేడికి సరిపోయేది. మే నెలలో రేకుల గదిలో బ్యాటరీ 45 డిగ్రీలకు చేరితే ఆ హద్దు 13.9 దగ్గరికి దిగాలి. దిగకపోతే డిస్టిల్డ్ వాటర్ ఎంత పోసినా నిలవదు.

సోలార్ కొనేటప్పుడు ప్యానెల్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని ఆంపియర్-అవర్లు అని అడుగుతాం. ఈ డబ్బా గురించీ అడుగుదాం: మన బ్యాటరీ రకానికి తగినట్టు మార్చుకోవచ్చా, వేడిని కనిపెడుతుందా? బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. నీరడి తూము దగ్గరికి చేరాకే వాగును వదలాలి.