సైబర్ మండే

అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండుగ నవంబరు నాలుగో గురువారం వస్తుంది. ఆ తర్వాతి సోమవారమే సైబర్ మండే. క్రిస్మస్ కానుకల ఆన్‌లైన్ అమ్మకాలు ఆ రోజు జోరందుకుంటాయి. ఈ పేరు 2005లో పుట్టింది. పెట్టింది అక్కడి నేషనల్ రిటైల్ ఫెడరేషన్‌కు చెందిన షాప్.ఆర్గ్. అప్పట్లో సెలవులయ్యాక ఆఫీసుకొచ్చిన ఉద్యోగులు అక్కడి వేగవంతమైన ఇంటర్నెట్‌తో కొనుగోళ్లు చేసేవారు.

తగ్గింపు నిజమా కాదా అన్నదే అసలు చిక్కు. ముందు ధర పెంచి, తర్వాత కొట్టివేసి చూపడం పాత ఎత్తే. అందుకే ఐరోపా సమాఖ్యలో 2022 మే 28 నుంచి కొత్త నిబంధన వచ్చింది. తగ్గింపు ప్రకటించే దుకాణం అంతకుముందు కనీసం 30 రోజుల్లోని అతి తక్కువ ధరను చూపాలి. ఇది సమాఖ్యలోని ప్రతి దేశంలోనూ ఉండాల్సిన నిబంధన. తగ్గింపును మీరే సరిచూసుకోవాలంటే, అమెజాన్ పాత ధరలను కేమెల్‌కేమెల్‌కేమెల్ సైటులో ఉచితంగా చూడవచ్చు.

సైబర్ మండే మర్నాడు గివింగ్ ట్యూస్‌డే. 2012లో న్యూయార్క్‌లో మొదలైన దానాల రోజిది. హెఫర్ ఇంటర్నేషనల్ వంటి సంస్థలకు ఆత్మీయుల పేరిట డబ్బు కట్టి, పేద రైతు కుటుంబాలు మేకలో కోళ్లో పెంచుకునేందుకు తోడ్పడవచ్చు. అన్నీ ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి కానుక నాకు తోచదు. అమెరికాలోని మీ పిల్లలు క్రిస్మస్‌కు ఏం పంపమంటారని అడిగితే, ఈసారి ఇదే అడగండి.