సర్కారు వారి నల్లకోటు

ప్రభుత్వానికీ వకీలు కావాలి, వాయిదాలు తప్పవు. ఆ గొడవంతా చూసుకునే న్యాయశాఖ చుట్టూ ఉన్న కొన్ని విశేషాలు:

● సచివాలయంలో చాలా శాఖలకు ఐఏఎస్‌లే కార్యదర్శులు. న్యాయశాఖ దారి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ కుర్చీలో సాధారణంగా జిల్లా జడ్జి స్థాయి అధికారి కూర్చుంటారు. తీర్పులకు కొన్నాళ్లు సెలవిచ్చి ఫైళ్లు, బిల్లుల ముసాయిదాలు చూస్తారు. ఉత్తరప్రదేశ్‌లో ఆయన్నే ‘లీగల్ రిమెంబ్రన్సర్’ అనీ అంటారు. అంటే, చట్టం గుర్తుచేసే పెద్దమనిషి!

● రాష్ట్ర ప్రభుత్వ పెద్ద వకీలైన అడ్వకేట్ జనరల్ (ఏజీ) ఎమ్మెల్యే కాకపోయినా అసెంబ్లీలో మాట్లాడవచ్చు. ఓటు మాత్రం లేదు. ఆయనకు ఇన్నేళ్లని పదవీకాలమూ లేదు, గవర్నర్ అభీష్టం ఉన్నంతవరకే. అందుకే ప్రభుత్వం మారగానే ఏజీ రాజీనామా చేయడం రివాజు.

● హైకోర్టులో ఎవరిపైనైనా క్రిమినల్ కోర్టు ధిక్కార పిటిషన్ వేయాలనుకునే మామూలు పౌరుడు ముందుగా ఏజీ దగ్గర రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి.

● సర్కారుపై సివిల్ దావా వేయాలంటే రెండు నెలల ముందు నోటీసివ్వాలి. మరీ అత్యవసరమైతే కోర్టు అనుమతితో నేరుగా వెళ్లవచ్చు. రిట్ పిటిషన్‌కు ఈ షరతు లేదు.

● చేబదులు వసూలుకు మనం మూడేళ్లలో దావా వేయకపోతే బాకీ మీద ఆశ వదులుకోవాల్సిందే. అదే సర్కారు దావా వేయాలంటే గడువు 30 ఏళ్లు!

● రాష్ట్ర ప్రభుత్వ కాంట్రాక్టులన్నీ గవర్నర్ పేరిటే జరుగుతాయి. పేచీ వస్తే మాత్రం ఆయన సొంత జేబుకు చిల్లు పడదు.

● 1990లో ఉత్తరప్రదేశ్ సర్కారు జిల్లాల్లోని ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒక్క కలంపోటుతో తప్పించింది. ఇది ఇష్టారాజ్యమంటూ సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

● అఫిడవిట్ మీద ముద్ర వేసే నోటరీని రాష్ట్ర ప్రభుత్వమూ నియమిస్తుంది, కేంద్రమూ నియమిస్తుంది. న్యాయవాదికి మామూలుగా పదేళ్ల ప్రాక్టీసు ఉండాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఏడేళ్లు చాలు.

● ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విడిపోయాక రెండు రాష్ట్రాలూ పాత చట్టాలను తమకు తగ్గట్టు మలచుకోవడానికి విభజన చట్టం రెండేళ్ల గడువిచ్చింది. అలా 2016లో తెలంగాణలో ఎన్నో చట్టాల పేర్లలో ‘ఆంధ్రప్రదేశ్’ పోయి ‘తెలంగాణ’ వచ్చింది. 1950 నాటి కౌలుదారీ చట్టాన్నే చూడండి. పుట్టినప్పుడు ‘హైదరాబాద్’ చట్టం, తర్వాత ‘ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత)’ చట్టం, ఇప్పుడు ‘తెలంగాణ’ చట్టం. బిడ్డ ఒక్కటే, బారసాలలు మూడు!