తీరిక ఎవరిది? – అరిస్టాటిల్ విద్యా దృక్పథం

'స్కూలు' అన్న మాటకు మూలం గ్రీకు భాషలోని 'స్ఖొలే'. దాని తొలి అర్థం తీరిక. అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) దృష్టిలో ఆనందమంటే భోగం కాదు, వివేకాన్నీ సద్గుణాన్నీ జీవితమంతా ఆచరణలో పెట్టడం. దానికి తీరిక కావాలి. తీరికను సార్థకం చేసుకునే చదువు కావాలి. ఆ చదువు పౌరులందరికీ ఒక్కటిగా ఉండాలనీ, అది రాజ్యం బాధ్యత అనీ ఆయన వాదించాడు.

అయితే పౌరులెవరు? బానిసలు కారు. ఆయన ఆదర్శ రాజ్యంలో చేతిపనివాళ్లూ కారు. ఒకరి తీరికకు మరొకరి చాకిరీయే పునాది. ఈ వైరుధ్యం ఆయనకు తెలియనిది కాదు. నాడె తనంతట తానే నేయగలిగితే యజమానులకు బానిసలతో పని ఉండదని 'రాజనీతి' గ్రంథంలో ఆయనే అన్నాడు.

ఆ నాడె ఇప్పుడు మరమగ్గంలో తనంతట తానే ఆడుతోంది. 1938లో మాచాని సోమప్ప నేతపనివారి సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరులో చేనేత కార్మికుణ్ణి అడగండి. మరమగ్గం అతనికిచ్చింది తీరిక కాదు, పనిలేమి. తీరికకు కూడు ఉంటుంది, పనిలేమికి ఉండదు.

బట్టకు ముందు పత్తి. ఆదోని పత్తి మార్కెట్టుకు పేరు. చుట్టుపక్కల పల్లెల్లో పత్తితీత మొదలైతే, కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి కదిలితే, మా హాజరు పట్టీలో పేర్లుంటాయి, పిల్లలుండరు. 6–14 ఏళ్ల పిల్లలకు చదువును హక్కుగా ప్రకటించిన చట్టం 2009లో వచ్చింది. కానీ తల్లిదండ్రులకు ఉన్న ఊళ్లో కూలి దొరకనిదే ఆ హక్కు పిల్లల దాకా రాదు.

అరిస్టాటిల్ చెప్పిన ఆనందాన్ని మనం స్వీకరిద్దాం. ఆయన గీసిన గీతను తిరస్కరిద్దాం.